ఎల్‌ఈడీ వాల్ మీద వీడియో ప్లేబ్యాక్: సౌండ్ పనివాళ్లం ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక_మైక్‌సెట్

అందరికీ నమస్కారం. మాది గాజువాకలో సౌండ్ సిస్టమ్ పని. మైకులు, స్పీకర్లు, మిక్సర్ వరకు ఇబ్బంది లేదు. ఈ మధ్య స్కూల్ యాన్యువల్ డే అయినా, కూచిపూడి అరంగేట్రం అయినా వెనక ఎల్‌ఈడీ వాల్ ఉండాల్సిందే అంటున్నారు. వాల్ అద్దెకిచ్చేవాళ్లు దాన్ని నిలబెట్టి, ఒక వైరు తెచ్చి మిక్సర్ పక్కన పడేస్తారు. ఆ వైరులోకి వీడియో పంపే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. చివరి నిమిషంలో ఏ టీచరో, ఏ పేరెంటో సొంత లాప్‌టాప్ తెచ్చి పెడతారు. పాప స్టేజీ మీద నిలబడి ఉంటుంది, వెనక పదడుగుల ఎత్తున ఫోల్డర్లూ, మౌస్ బాణమూ, వాట్సాప్ మెసేజీలూ కనిపిస్తుంటాయి. నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన పిల్లలకి అలా జరుగుతుంటే చూడబుద్ధి కావడం లేదు. అందుకే ఈ పని మేమే నేర్చుకొని పద్ధతిగా చేద్దామనుకుంటున్నాం.

వచ్చే నెల సిరిపురం చిల్డ్రన్స్ ఎరీనాలో ఒక స్కూల్ ప్రోగ్రాం ఒప్పుకున్నాం. వాల్ ఇరవై బై పది అడుగులు. మా దగ్గర గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ ఉన్న విండోస్ లాప్‌టాప్ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? కొనాలా, ఉచితంగా దొరికేవి సరిపోతాయా?

పరిషత్తు_ప్రేమి

తమ్ముడూ, నాటకాలకి మేం వీఎల్‌సీతోనే నడుపుతున్నాం. మంచి ప్లేయరే. కాకపోతే రెండు మూడు సెట్టింగులు మార్చాలి. వీడియో మొదలవగానే ఫైలు పేరు తెర మీద పడుతుంది, దాన్ని ప్రిఫరెన్సెస్‌లో ఆపేయాలి. వీడియో అయిపోగానే నారింజ రంగు కోన్ బొమ్మ వస్తుంది. అది రాకుండా చివరి ఫ్రేము మీద ఆగిపోయే ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేసుకోవాలి. ప్రతి వీడియో చివర కొన్ని సెకన్లు నల్ల తెర కలిపి ఎడిట్ చేయించుకుంటే ఆగినప్పుడు నలుపు మీదే ఆగుతుంది. నాలుగైదు వీడియోల నాటకానికి ఇది చాలు.

సిరిపురం_సైడ్‌వింగ్

పరిషత్తు గారు చెప్పింది నాటకం వరకు సరే. యాన్యువల్ డేలో ముప్పై నలభై ఐటమ్‌లు ఉంటాయి. మధ్యలో వరస మారుతుంది, ఒక ఐటమ్ ఎగిరిపోతుంది. అక్కడ వీఎల్‌సీ ప్లేలిస్టు నమ్ముకోవద్దు.

అయినా మొదట అడగాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు. కొత్తగా వచ్చేవాళ్లందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు, అందుకే చెబుతున్నాను. మొదట వాల్ వాళ్లకి ఫోన్ చేసి, "అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు, నిలువుగా ఎన్ని?" అని అడుగు. ఆ రెండు అంకెలు చేతిలో లేకుండా ఒక్క వీడియో కూడా తయారు చేయించొద్దు. ఈ పని తెర దగ్గర మొదలై వెనక్కి రావాలి. తెరకి ఏం కావాలో తెలిస్తే ఫైలు ఎలా ఉండాలో తెలుస్తుంది. ఫైలు తెలిస్తే లాప్‌టాప్ ఏం చేయాలో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతే.

ఎల్‌ఈడీ_మధురవాడ

అన్నగారు మా మనసులో మాట చెప్పారు. ఆ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ.

మేం "ఇరవై బై పది" అని వాడుకలో అంటాం గానీ అది నిజానికి 6 మీటర్లు బై 3 మీటర్లు. వాల్‌ని ముక్కలుగా తెచ్చి కలుపుతాం, ఆ ముక్కనే క్యాబినెట్ అంటాం. ఒక్కో క్యాబినెట్ 500 మిల్లీమీటర్ల చదరం. పిచ్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 3.91 అయితే ఒక క్యాబినెట్‌లో 128×128 పిక్సెళ్లు. అడ్డంగా 12, నిలువుగా 6 పెడితే 1536×768. ఫుల్ హెచ్‌డీ కాదు, 16:9 కూడా కాదు, సరిగ్గా 2:1. అదే కొలతలో పిచ్ 2.97 వాల్ వస్తే 2016×1008 అవుతుంది. కాబట్టి అడుగుల్లో కొలత చెప్పి వదిలేస్తే సరిపోదు, పిచ్ కూడా అడగాలి.

మీరు 1920×1080 వీడియో పంపారనుకోండి. మా ప్రాసెసర్ (వచ్చిన వీడియోని వాల్ మీద సర్దే పెట్టె) దాన్ని మొత్తం వాల్‌కి సరిపెట్టేలా సెట్ చేసి ఉంటే మనుషులు ఎనిమిదో వంతు లావుగా కనిపిస్తారు. గుండ్రంగా ఉండాల్సిన స్కూల్ లోగో కోడిగుడ్డులా సాగుతుంది. సాగదీయకుండా పిక్సెల్‌కి పిక్సెల్ పెడితే ఎడమవైపు పై మూల నుంచి 1536×768 ముక్క మాత్రమే వాల్ మీదకి వస్తుంది, మిగతాది తెగిపోతుంది. రెండింటిలో ఏది పెట్టారో ప్రోగ్రాం మొదలయ్యాక కనుక్కోవడం కాదు, మధ్యాహ్నమే తేల్చుకోవాలి.

గాజువాక_మైక్‌సెట్

ఇది మాకు అసలు తెలియని విషయం. చాలా థాంక్స్ అన్నా. మరి పేరెంట్స్ ఇచ్చే వీడియోలు, స్కూల్ వాళ్ల పాత వీడియోలు అన్నీ 16:9లోనే ఉంటాయి కదా? వాటిని ఏం చేయాలి?

ఎడిటింగ్_టేబుల్

మీ వాల్‌కి అయితే 16:9 బొమ్మని 1365×768కి తగ్గించి మధ్యలో పెట్టాలి. రెండు పక్కలా సుమారు ఒక్కో అడుగు ఖాళీ మిగులుతుంది. నల్లగా వదిలేసినా ఫర్వాలేదు, స్కూల్ రంగులో పల్చని డిజైన్ వేసినా బాగుంటుంది. సాగదీయడం మాత్రం వద్దు. కొత్తగా తయారు చేయించే బ్యాక్‌గ్రౌండ్లు, టైటిళ్లు అన్నీ నేరుగా 1536×768లోనే చేయించండి.

ఇక ఫైళ్ల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి కాబట్టి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నలిగిపోయి వస్తుంది. ఫోన్‌లో బాగానే ఉంటుంది, ఇరవై అడుగుల తెర మీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, 2 జీబీ వరకు ఒరిజినల్ అలాగే వస్తుంది. లేదా పెన్‌డ్రైవ్‌లో తెమ్మనండి.

ఫోన్‌లో తీసిన వీడియోల ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలన్నది, నిలకడగా ఉండదు. ఒకచోట 29, ఇంకోచోట 30, అలా మారుతుంటుంది. పాట సగానికి వచ్చేసరికి పెదాలకీ మాటకీ పొంతన పోతుంది. వచ్చిన ప్రతి ఫైలునీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఒకే స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోవాలి. మన దగ్గర కెమెరా వాళ్లు 25లో తీస్తారు కాబట్టి నేను అంతా 25కి తెచ్చి, లాప్‌టాప్ అవుట్‌పుట్‌ని 50 హెర్ట్జ్‌కి (సెకనుకి 50 సార్లు బొమ్మ పంపేలా) పెడతాను. 25 ఫ్రేముల వీడియోని 60 హెర్ట్జ్ అవుట్‌పుట్‌లో వేస్తే కెమెరా పక్కకి జరిగే షాట్లలో చిన్న చిన్న కుదుపులు కనిపిస్తాయి. పేర్లు పక్కకి జరుగుతూ వచ్చే స్క్రోల్‌లో అయితే మరీ స్పష్టంగా తెలుస్తుంది. ఒకవేళ మెటీరియల్ అంతా ఫోన్‌లో 30కి తీసిందే అయితే 30లోనే ఉంచి 60 హెర్ట్జ్ పెట్టండి. ఏదైనా ఒకటే ఉండాలి.

ఇక కోడెక్, అంటే వీడియోని కుదించి ఫైలుగా దాచే పద్ధతి. హెచ్.264 ఫైలు చిన్నదిగా ఉండటానికి కారణం, దాంట్లో ఎక్కువ ఫ్రేములు ముందూ వెనకా ఫ్రేములతో పోల్చి మారిన భాగాన్నే దాచుకోవడం. ఇంట్లో సినిమా చూడటానికి అది చాలు. ప్రోగ్రాంలో బటన్ నొక్కిన క్షణాన బొమ్మ రావాలి, మధ్య నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు, రెండు వీడియోలు ఒకదానిలోకి ఒకటి కలవాలి. అప్పుడు ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తిగా ఉండే కోడెక్‌లు మేలు. మ్యాక్‌లో ప్రోరెస్, రెజల్యూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో డీఎక్స్‌వీ, చాలా వీజే (అప్పటికప్పుడు విజువల్స్ మార్చి నడిపే) సాఫ్ట్‌వేర్లలో హాప్. హాప్, డీఎక్స్‌వీ రెండూ విప్పే పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగిస్తాయి. దానికి బదులుగా ఫైలు పెద్దదవుతుంది. మీ వాల్ సైజులో మామూలు హాప్ ఫైలు సెకనుకి 15 ఎంబీ వరకు ఉండొచ్చు, నాలుగు నిమిషాల పాట సుమారు మూడున్నర జీబీ. అందుకే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ప్లే చేయొద్దు. హాప్‌కి అడ్డం, నిలువు రెండూ 4తో భాగింపబడాలి. 1536, 768 రెండూ సరిపోతాయి.

పరిషత్తు_ప్రేమి

బాబూ, ఇంత అవసరమా? హెచ్.264తో నాకు ఎప్పుడూ ఆగలేదు.

ఎడిటింగ్_టేబుల్

అవసరం లేని చోట వద్దండి. వీఎల్‌సీ, ఓబీఎస్ (యూట్యూబ్ లైవ్‌కి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి హెచ్.264 బాగానే నడుస్తుంది. హాప్ ఫైలు ఇచ్చినా అవి గ్రాఫిక్స్ కార్డు మీద విప్పవు, కాబట్టి అసలు లాభం దక్కదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కీఫ్రేములు (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేములు) దగ్గర దగ్గరగా, అర సెకనుకి ఒకటి ఉండేలా పెడితే మధ్య నుంచి మొదలుపెట్టినా తడబడదు. ఒకేసారి రెండు మూడు లేయర్లు కలిపి ఆడించే రోజు వస్తే అప్పుడు మారండి.

సిరిపురం_సైడ్‌వింగ్

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవచ్చు.

మ్యాక్ ఉంటే క్యూల్యాబ్. థియేటర్ వాళ్లు క్యూల (ఎప్పుడు ఏది వెయ్యాలో చెప్పే గుర్తుల) వరసలో ఆలోచిస్తారు, ఆ సాఫ్ట్‌వేర్ కూడా అలాగే ఆలోచిస్తుంది. ఒక్కో ఐటమ్ ఒక్కో వరస, స్పేస్ బార్ నొక్కితే తర్వాతది. లైసెన్స్ రోజు లెక్కన అద్దెకి కూడా దొరుకుతుంది. అప్పుడప్పుడూ ప్రోగ్రాం చేసేవాళ్లకి అది చాలా మేలు. కానీ విండోస్‌లో రాదు.

రెజల్యూమ్ రెండింటిలోనూ నడుస్తుంది. పాటల ప్రోగ్రాంలకి, అప్పటికప్పుడు విజువల్స్ మార్చాల్సిన చోట దానికి సాటి లేదు. కొనకుండా ట్రయల్ వాడితే బొమ్మ మీద వాటర్‌మార్క్ వస్తుంది. నేర్చుకోవడానికి పనికొస్తుంది, ప్రోగ్రాంకి పనికిరాదు.

వీమిక్స్ విండోస్‌కి మాత్రమే. కెమెరాలూ వీడియోలూ కలిపి నడపాలంటే మంచిది. 60 రోజుల ట్రయల్ ఇస్తారు.

నీకు నా సలహా ఓబీఎస్. పూర్తిగా ఉచితం, వాటర్‌మార్క్ లేదు. దాన్ని అందరూ యూట్యూబ్ లైవ్ కోసం అనుకుంటారు గానీ ప్లేబ్యాక్‌కి కూడా వాడుకోవచ్చు. కాన్వాస్‌ని, అంటే బొమ్మ కొలతని, నేరుగా 1536×768కి పెట్టు. ఐటమ్‌కి ఒక సీన్ చేసి, దాంట్లో ఒక మీడియా సోర్స్ పెట్టు. సీన్ తెర మీదకి రాగానే మొదటి నుంచి ప్లే అయ్యేలా, అయిపోయాక ఏమీ చూపించకుండా ఉండేలా రెండు టిక్కులు ఉన్నాయి, రెండూ పెట్టు. స్టూడియో మోడ్ ఆన్ చేస్తే తర్వాత వెయ్యబోయేది ఎడమవైపు నీకు మాత్రమే కనిపిస్తుంది. ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని రెండో డిస్‌ప్లేకి ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్‌గా పంపు. నువ్వు అడిగిన ఫోల్డర్లు, మౌస్ బాణం బాధ అక్కడితో పోతుంది.

కొత్తవాళ్లు ఓబీఎస్‌లో తప్పకుండా తడబడే విషయం ఒకటుంది. మీటర్ ఎగురుతుంది, స్పీకర్లలో సౌండ్ రాదు. మీడియా సోర్స్ సౌండ్ మామూలుగా స్ట్రీమ్‌కే వెళ్తుంది. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మానిటర్ అండ్ అవుట్‌పుట్ అని మార్చి, సెట్టింగుల్లో మానిటరింగ్ డివైస్‌గా నీ సౌండ్ కార్డుని ఎంచుకుంటే వస్తుంది.

మొట్టమొదట చేయాల్సిన సీన్ మాత్రం నలుపు. ఏమీ లేని నల్ల సీన్‌కి ఒక హాట్‌కీ (నొక్కగానే ఆ సీన్ వచ్చే బటన్) పెట్టు, అది కళ్లు మూసుకున్నా దొరికేలా ఉండాలి. ఏ గొడవ వచ్చినా వేలు దాని మీదకి వెళ్లాలి. నల్ల తెరని జనం తప్పు అనుకోరు. డెస్క్‌టాప్ కనిపిస్తేనే అనుకుంటారు.

డాబాగార్డెన్స్_వైరు

వైర్ల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను.

మామూలు కాపర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌ని పదిహేను మీటర్లు దాటితే నమ్మొద్దు. హాలు వెనక నుంచి స్టేజీ వెనక ఉన్న ప్రాసెసర్ దాకా గోడ వెంబడి లాగితే ముప్పై నలభై మీటర్లు తేలిగ్గా అవుతుంది. మూడు దారులున్నాయి. హెచ్‌డీఎంఐని ఎస్‌డీఐకి (టీవీ వాళ్లు వాడే వీడియో సిగ్నల్) మార్చి బీఎన్‌సీ కేబుల్ వేయడం, హెచ్‌డీబేస్‌టీ పెట్టెలతో క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ మీద పంపడం, ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ కొనడం. నా ఓటు ఎస్‌డీఐకి. మెలితిప్పి బిగించే కనెక్టర్, ఎవరి కాలు తగిలినా ఊడదు. కేబుల్ తెగితే ఊళ్లోనే కొత్త కొస వేయించుకోవచ్చు. ఫైబర్ తేలిగ్గా ఉంటుంది గానీ దానికి లాప్‌టాప్ వైపు ఒక కొస, తెర వైపు ఒక కొస ఉంటాయి. తిరగేసి లాగితే బొమ్మ రాదు, మళ్లీ మొత్తం లాగాలి. వేసే ముందు కొస మీద రాసింది చదవండి.

సౌండ్ వైపు మీకు తెలిసిందే అయినా ఒక మాట. లాప్‌టాప్ ఛార్జర్ ఒక లైన్ మీద, మిక్సర్ ఇంకో లైన్ మీద, వాల్ జనరేటర్ మీద ఉంటే హెడ్‌ఫోన్ జాక్ నుంచి గుర్రుమని హమ్ వస్తుంది. దాన్ని పోగొట్టడానికి కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. స్టేజీ మీద పిల్లలు ఇనుప ట్రస్ (వాల్‌ని నిలబెట్టే చట్రం) పట్టుకొని నిలబడతారు, షాక్ కొడుతుంది. హమ్ పోవాలంటే స్టీరియో డీఐ బాక్స్ (లాప్‌టాప్ సౌండ్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. లేదా బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి.

ఇంకొకటి. హెచ్‌డీఎంఐ గుచ్చగానే విండోస్ సౌండ్‌ని కూడా అటు తిప్పేస్తుంది. రిహార్సల్‌లో వచ్చిన సౌండ్ ప్రోగ్రాంలో రాకపోవడానికి చాలాసార్లు కారణం అదే. కేబుల్ పీకి గుచ్చిన ప్రతిసారీ సౌండ్ డివైస్ చూసుకోండి.

అడుగు_జతి

నేను నాట్యం నేర్పుతాను, టెక్నికల్‌గా నాకు ఎక్కువ తెలియదు. అయినా మా వైపు నుంచి ఒక విన్నపం. వాల్ వెలుతురు ఎక్కువైతే ముందున్న పిల్ల ముఖం నల్లగా పడిపోతుంది. అభినయం అంతా కళ్లలోనే కదా, కళ్లే కనిపించకపోతే ఏం లాభం? దయచేసి వెనక తెల్లని మేఘాలు, మెరుపులు, గిరగిరా తిరిగే మండలాలు వేయొద్దు. ముదురు రంగు గుడి మండపం కదలకుండా ఉన్నా చాలు.

ఇంకో సందేహం. రికార్డు పాటకి ఒక పద్ధతి, లైవ్ ఆర్కెస్ట్రాకి ఒక పద్ధతి ఉంటుందా?

సిరిపురం_సైడ్‌వింగ్

ఉంటుందమ్మా, చాలా తేడా ఉంటుంది. రికార్డు పాట అయితే పాటా వీడియో ఒకే ఫైలులో ఉండాలి. పాట ఒకరి ఫోన్ నుంచి, వీడియో ఇంకొకరి లాప్‌టాప్ నుంచి వేస్తే రెండూ ఒకే క్షణాన మొదలుకావు. లైవ్ అయితే నట్టువాంగం చేసేవారు ఒక జతిని ఇంకోసారి తీసుకోవచ్చు, పల్లవి సాగవచ్చు. నిమిషాల లెక్కతో చేసిన వీడియో అక్కడ ముందే అయిపోతుంది. అందుకని ఒక్కో ఘట్టానికి అతుకు తెలియకుండా తిరిగే చిన్న లూప్ చేయించి, సాహిత్యం తెలిసినవారు ఒకరు పక్కన కూర్చొని చెబుతుంటే మార్చాలి. మీలాంటివారు ఆపరేటర్ పక్కన ఉంటే మాకు అదే పెద్ద సాయం.

వెలుతురు మాట నూటికి నూరుపాళ్లు నిజం. మధురవాడ తమ్ముడూ, బ్రైట్‌నెస్ నువ్వే చెప్పాలి.

ఎల్‌ఈడీ_మధురవాడ

తగ్గిస్తామమ్మా, అడిగితే చాలు. హాలు లోపల పూర్తి బ్రైట్‌నెస్ ఎప్పుడూ అవసరం రాదు. స్టేజీ లైట్లు వెలిగించి, ఒక పాపని నిలబెట్టి, హాలు మధ్య వరసలోంచి చూస్తూ తగ్గించుకుంటూ రావాలి. బీచ్ రోడ్డులో సాయంత్రం ప్రోగ్రాం అయితే లెక్క వేరు. అక్కడ ఎండ ఉన్నంతసేపు అవుట్‌డోర్ ప్యానెల్ పూర్తిగా పెట్టి, చీకటి పడ్డాక గుర్తుపెట్టుకొని తగ్గించాలి. బీచ్ రోడ్డు ప్రోగ్రాం ఒప్పుకునేవాళ్లకి ఇంకో సంగతి, ఏసీ కారులోంచి లాప్‌టాప్ దించగానే ఆన్ చేయొద్దు. మన ఉక్కపోతకి చల్లని లోహం మీద చెమ్మ పడుతుంది. బ్యాగులోనే కాసేపు ఉంచి తీయండి.

గాజువాక_మైక్‌సెట్

అన్నీ రాసుకుంటున్నాను. ఇంకో రెండు సందేహాలు. లాప్‌టాప్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? ఇంకోటి, బొమ్మ కంటే సౌండ్ ముందు వస్తోందని వాల్ ప్రోగ్రాంలలో చాలామంది అంటారు. దానికి మిక్సర్‌లో డిలే పెట్టాలా?

సిరిపురం_సైడ్‌వింగ్

మొదటిదానికి: రెండో లాప్‌టాప్‌లో అవే ఫైళ్లు, అదే వరస. రెండింటినీ ఒక చిన్న స్విచర్‌కి (ఏ లాప్‌టాప్ బొమ్మ వాల్‌కి వెళ్లాలో మార్చే పెట్టె) ఇవ్వాలి. ఏటెమ్ మినీ అనే స్విచర్‌లో నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు ఉంటాయి, లాప్‌టాప్‌లు వేర్వేరు రిజల్యూషన్లు పంపినా అదే సర్దుకుంటుంది. అయితే స్విచర్ 1920×1080 పంపుతుంది కాబట్టి నీ 1536×768 బొమ్మ ఆ ఫ్రేములో ఎక్కడ కూర్చోవాలో వాల్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. అప్పుడు ఓబీఎస్ కాన్వాస్ కూడా 1920×1080కి పెట్టి, బొమ్మని ఎడమవైపు పై మూలకి ఆనించడం తేలిక పద్ధతి. ప్రతి ఐటమ్‌నీ రెండు లాప్‌టాప్‌లలోనూ ఒకేసారి మొదలుపెడితే ఒకటి ఆగినా రెండోది అదే చోట ఉంటుంది. రెండింటి సౌండూ మిక్సర్‌లో వేర్వేరు ఛానెళ్లకి తీసుకో. రెండో లాప్‌టాప్‌కి స్తోమత లేకపోతే కనీసం లాప్‌టాప్‌కీ స్విచర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టు. వాల్ ప్రాసెసర్‌కి కూడా ఉందేమో అడుగు. కరెంటు ఒక్క క్షణం పోయినా అది మళ్లీ లేచేసరికి సమయం పడుతుంది.

రెండోదానికి: స్విచర్, ప్రాసెసర్ కలిసి బొమ్మని కొన్ని ఫ్రేములు ఆలస్యం చేస్తాయి, అది నిజం. 25 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. కానీ శబ్దం ఒక మీటరు వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్‌కి పదిహేను మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి సౌండ్ ఎలాగూ ఒక ఫ్రేము ఆలస్యంగానే చేరుతుంది. కాబట్టి మిక్సర్ దగ్గర కూర్చొని డిలే పెట్టొద్దు. ముందు వరసల్లో నిలబడి, మనిషి మాట్లాడే వీడియో ఒకటి వేసి చూడు. అక్కడ ఇబ్బందిగా ఉంటేనే ఒక ఫ్రేమంత డిలే పెట్టు. అది కూడా వీడియో ఛానెల్‌కి మాత్రమే, మైకులకి వద్దు.

ఎంవీపీ_బీటెక్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. కొన్ని ప్రాసెసర్లకి నేరుగా పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు కదా, లాప్‌టాప్ ఎందుకు?

ఎల్‌ఈడీ_మధురవాడ

షాపు ముందు యాడ్ తిప్పడానికి అది చాలు తమ్ముడూ. ఐటమ్ వారీగా, మనిషి చెప్పినప్పుడు మార్చాల్సిన ప్రోగ్రాంకి కుదరదు.

గాజువాక_మైక్‌సెట్

చివరగా వరస గురించి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తారు, సన్మానం మధ్యలోకి జరుగుతుంది, ఎల్‌కేజీ పిల్లలు నిద్రపోతున్నారని వాళ్ల డాన్సు ముందుకి తెస్తారు. ఇవన్నీ జరిగేవే. అప్పుడు ఆపరేటర్ ఏ పద్ధతిలో ఉండాలి?

సిరిపురం_సైడ్‌వింగ్

ఫైళ్ల పేర్లకి ముందు 010, 020, 030 అని పదేసి తేడాతో అంకెలు పెట్టు. మధ్యలో కొత్తది వస్తే 025 అవుతుంది, మిగతావి కదిలించక్కర్లేదు. అంకె పక్కన తెలుగులోనో ఇంగ్లీషులోనో క్లాసు, పాట మొదటి మాట రాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది" లాంటి పేర్లతో వచ్చిన ఏ ఫైలునీ అలాగే ఉంచొద్దు. అవే అంకెలు కాగితం మీద కూడా ఉండాలి. ఆ కాగితం నీ దగ్గర ఒకటి, లైట్ల మనిషి దగ్గర ఒకటి, స్టేజీ పక్కన పిల్లల్ని పంపే టీచర్ దగ్గర ఒకటి. వరస మారితే టీచర్ "ఇప్పుడు 140" అంటే చాలు, పాట పేరు మైకులో అరవక్కర్లేదు.

చెప్పేది ఒక్కరే ఉండాలి. ప్రిన్సిపాల్ ఒకటి, యాంకర్ ఒకటి, డాన్స్ మాస్టర్ ఒకటి చెబితే నువ్వు ఎవరి మాటా వినలేవు. ఆ ఒక్కరు ఎవరో స్కూల్ వాళ్లనే ముందురోజు తేల్చమను. ఆ మనిషి "140 రెడీ" అన్నప్పుడు ఆ సీన్‌ని ప్రివ్యూలోకి తెచ్చుకొని "రెడీ" అని తిరిగి చెప్పు. "వెయ్" అన్నాకే వెయ్.

ఎంతసేపైనా ఆగాల్సి వస్తే చూపించడానికి స్కూల్ లోగోతో ఒక లూప్, సౌండ్ లేకుండా, ఒక హాట్‌కీకి పెట్టుకో. సన్మానాలకీ, ప్రసంగాలకీ, అతిథి కోసం ఎదురుచూపులకీ అదే.

విండోస్ వైపు ప్రోగ్రాం రోజు చూడాల్సినవి: డిస్‌ప్లే డూప్లికేట్ కాకుండా ఎక్స్‌టెండ్‌లో ఉండాలి, నోటిఫికేషన్లు, స్లీప్, స్క్రీన్ సేవర్, విండోస్ శబ్దాలు ఆపేయాలి, అప్‌డేట్లు వాయిదా వేయాలి, వైఫై ఆఫ్ చేయాలి, వాల్‌పేపర్ నల్లగా ఉండాలి, ఛార్జర్ పెట్టే ఉంచాలి.

ఎల్‌ఈడీ_మధురవాడ

నా తరఫున ఒకటి. 1536×768 సైజులో ఒక టెస్ట్ బొమ్మ చేసుకోండి. నాలుగు అంచులకీ ఒక్క పిక్సెల్ మందం గీత, మధ్యలో పెద్ద వృత్తం, నాలుగు మూలల్లో 1, 2, 3, 4 అంకెలు. వాల్ లేవగానే మొదట అది వేయించండి. గీత నాలుగు వైపులా కనిపించి, వృత్తం గుండ్రంగా ఉంటే మ్యాపింగ్ సరిగ్గా ఉన్నట్టు. ఏదో ఒక అంచు గీత లేకపోతే వెంటనే మా మనిషికి చెప్పండి. క్యాబినెట్ల వెనక వైర్లు విప్పి సరిచేయాలన్నా, ప్రాసెసర్‌లో జరపాలన్నా హాలు ఖాళీగా ఉన్నప్పుడే కుదురుతుంది.

గాజువాక_మైక్‌సెట్

ఈ రాత్రే ఆ బొమ్మ చేస్తాను అన్నా. వాల్ వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేశాను, పిచ్ 3.91 అనే చెప్పారు. ప్రాసెసర్ వెనక ఎస్‌డీఐ ఇన్‌పుట్ ఉందో లేదో రేపు ఫొటో పంపిస్తామన్నారు. రాగానే ఇక్కడ పెడతాను, వైరు అన్న చూసి ఏ కన్వర్టర్ తీసుకోవాలో చెప్పాలి.